మొదటి తప్పు కాగితం

దెబ్బ తగిలిన వెంటనే మాస్టారు పడిపోలేదు. తన కుడి భుజం వైపు ఒకసారి వింతగా చూసుకున్నాడు. తరవాత మోకాళ్ళు వంగాయి. గోడకి జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. అప్పటికింకా ఆయన ఎడమ చేతి వేళ్ళ మధ్య భార్య పిచ్చుక తలవెంట్రుకలు గుప్పెడు చిక్కుకునే ఉన్నాయి.

పిచ్చుక కూడా నేల మీదే ఉంది. ఆదివారం, పట్టపగలు పదకొండు గంటలు. వంటింట్లో సింకు కింది అలమర తలుపు విరిగి ఒంటి మడతబందు మీద వేలాడుతోంది. ఆ తలుపుకేసే ఆయన ఆమె తలని కొట్టింది. నాలుగోసారికో అయిదోసారికో చెక్క విరిగి లోపలి గిన్నెలు బయటికి దొర్లాయి. వాటితో పాటు ఇనపపెనం దొర్లి చేతికి తగిలింది. రెండు చేతులా పిడి పట్టుకుని, కింది నుంచి పైకి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి కొట్టింది. మెడకీ భుజానికీ మధ్య ఎముక ఎండుకట్టె విరిగినట్టు టప్పుమంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆమె చెయ్యెత్తడం అదే మొదలు.

ఇంతకీ గొడవ దేనికంటే, గొడవంటూ ఏమీ లేదు. వచ్చే వారం నుంచి ఉదయం షిఫ్టుకి వస్తానని ఆయన్ని అడక్కుండా పనిచోట ఒప్పుకుంది. అంతే. అరుపులు కూడా లేవు. మాస్టారు అరిచే మనిషి కాదు. డ్రైవింగు నేర్పడం ఆయన పని. ఆ చుట్టుపక్కల వీధుల్లో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆయన శిష్యులే. ఎదురుగా లారీ వస్తుంటే బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కేవాళ్ళతో సైతం "మెల్లగా, మెల్లగా వదలండి" అనేవాడు తప్ప గొంతు పెంచి ఎరగడు. ఇంట్లోనూ అదే గొంతు. జుట్టు మణికట్టుకి చుట్టుకుని తలని తలుపుకేసి కొడుతున్నంతసేపూ "మెల్లగా, అరవకు, మెల్లగా" అంటూనే ఉన్నాడు.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు చెప్పమంటే ఆవిడే పోలీసులకి ఫోను చేసింది.

వచ్చిన ఇద్దరిలో ఒక కానిస్టేబులు పోయిన ఏడాది మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. తన గురువు చెమటలు కారుతూ, ఎముక చర్మం కిందనుంచి పొడుచుకొచ్చి, గోడకి ఆనుకుని ఉండడం చూసి గబగబా పక్కన కూర్చున్నాడు. ఆయన భార్య గుడ్డ తీసుకుని ఒలికిన నూనె తుడుస్తోంది. చేతులకి ఏదో ఒక పని లేకపోతే వణుకు ఆగదని ఆమె తుడుస్తోంది. కానిస్టేబులు మాత్రం తన పుస్తకంలో, ముద్దాయి ప్రశాంతంగా నేల శుభ్రం చేసుకుంటూ కనిపించింది, అని రాసుకున్నాడు. ఆమె జుట్టు పాయలు తీసి కింద ఏముందో ఎవరూ చూడలేదు. ఏం జరిగిందని అత్తని అడిగారు. ఆవిడ కొడుకు మొహం వైపు చూసి, వాడు కాఫీ తాగుతూ నిలబడితే వెనకనుంచి వచ్చి కొట్టిందని చెప్పింది.

ఏడేళ్ళ కూతురు పక్క వీధిలో స్నేహితురాలింటికి ఆడుకోవడానికి వెళ్ళింది. పిల్ల తిరిగొచ్చేలోపే పిచ్చుకని జీపెక్కించారు.

సోమవారం కోర్టులో ఆమె వంతు మూడు నిమిషాలు పట్టింది. ఇంటికీ, భర్తకీ, బిడ్డకీ వంద గజాల దూరంలో ఉండాలి, శుక్రవారం విచారణకి రావాలి, అన్నారు. ఆయన్ని ఆమె నుంచి కాపాడడానికట ఆ ఉత్తర్వు. పిచ్చుకకి నవ్వు రాబోయి దవడ నొప్పెట్టి ఆగిపోయింది.

ఉచితంగా వాదించే ప్లీడరమ్మని ఆమె మొదటిసారి చూసింది కోర్టు వరండాలో. యాభై దాటిన మనిషి, గోడవారన బల్ల మీద చెప్పులు విప్పేసి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుని ఫైళ్ళు తిరగేస్తోంది. పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని, అందరూ నిన్ను పిచ్చుక అంటున్నారేమిటని అడిగింది. పనిచోట పెట్టిన పేరండీ, పొట్టిగా ఉంటానని, అంది పిచ్చుక.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని విన్నాను గానీ, పిచ్చుకే వేసిందని వినడం ఇదే మొదలమ్మా," అంది ప్లీడరమ్మ. తరవాత నవ్వు ఆపేసి ఒక కాగితం తీసింది.

దాన్ని కోర్టులో అందరూ మొదటి తప్పు కాగితం అంటారు. ఇంట్లోవాళ్ళ మీద చెయ్యి చేసుకుని మొదటిసారి దొరికినవాళ్ళ కోసం. తప్పు నాదే అని సంతకం పెట్టాలి. పన్నెండు వారాలు కోపం అణుచుకునే పాఠాలకి వెళ్ళాలి. ఏడాది పాటు గొడవ లేకుండా ఉంటే కేసు మూసేస్తారు. ఆ ఏడాదీ బిడ్డ తండ్రి దగ్గరే ఉంటుంది, వారానికి ఒక గంట చూసుకోనిస్తారు. సంతకం పెట్టకపోతే శుక్రవారం విచారణ. అందులో ఓడితే జైలు.

"ఈ కాగితం మీద నా చేత్తో వందమందికి పైగా సంతకాలు పెట్టించాను. అందరూ మగవాళ్ళే. 'మొదటిసారండీ, ఏదో ఆవేశంలో జరిగిపోయిందండీ' అని వాళ్ళ తరఫున నేనే చెప్పేదాన్ని. జడ్జిగారికి నా మాటలు కంఠతా వచ్చు. మొదటిసారి అంటే మొదటిసారి దొరకడం అని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు."

ప్లీడరమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆమె అడిగే తీరు వైద్యుడు అడిగినట్టుంది, జాలి లేదు. అరచేత్తోనా, పిడికిలితోనా? నిలబడి ఉండగానా, పడ్డాకా? వీపు మీద ఎక్కడ, నడుముకి పైనా కిందా? పిచ్చుక మొదట్లో ఒక్కొక్క మాటే చెప్పింది. అడిగేకొద్దీ మాటలు వరసగా వచ్చాయి. తడితువ్వాలు ముడివేసి వీపు మీద కొట్టేవాడనీ, దానికి మచ్చ పడదనీ చెప్పింది. చెవి వెనక బొటనవేలుతో నొక్కేవాడనీ, కారు సీటుబెల్టు బిగించి తలుపులు వేసి డొక్కలో మోచేత్తో పొడిచేవాడనీ చెప్పింది. అరికాళ్ళ సంగతి చెబుతూ మధ్యలో ఆగింది. ప్లీడరమ్మ రాస్తున్న కలం ఆపి, తల ఎత్తకుండా, ఊ, అంది. పిచ్చుక మళ్ళీ చెప్పింది.

నాలుగుసార్లు ఆస్పత్రికి వెళ్ళావు కదా, అక్కడ ఏం చెప్పావు, అని అడిగింది చివరికి. జారిపడ్డానని చెప్పాను, అంది పిచ్చుక.

"నాలుగుసార్లూనా?"

"ఒకసారి మెట్ల మీద అని చెప్పాను."

ప్లీడరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెన్సిలు మొనతో పిచ్చుక జుట్టు పాయలు తీసి, కింద కట్టిన నెత్తురు పెచ్చుల్నీ బొప్పుల్నీ ఫోనులో ఫోటోలు తీసుకుంది. ఇవి పెనుగులాటలో తగిలాయంటారు, ఇవి ఒక్కటే చాలవు, నువ్వు ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధాలన్నీ ఇప్పుడు వాళ్ళకి సాక్ష్యాలు, అంది. తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

పిచ్చుక పనిచేసేది పెద్దాస్పత్రి లాండ్రీలో. అది భవనం కింద నేలమాళిగ. ఆవిరికి గోడలు ఎప్పుడూ చెమట పట్టి ఉంటాయి. రోలర్ల మధ్యనుంచి దుప్పట్లు పొగలు కక్కుతూ వస్తుంటే ఇద్దరిద్దరుగా నిలబడి మడతపెట్టాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని, ఒక్క విదుపు విదిపి, ఎదురెదురుగా రెండడుగులు నడిచి మూలకి మూల కలపాలి. పిచ్చుకకి జంట పొడుగక్క. తాటిచెట్టంత మనిషి, నోరూ అంతే. వారమంతా పిచ్చుక తలదాచుకున్నది ఆమె ఇంట్లోనే.

మంగళవారమంతా పొడుగక్క దుప్పటి విదిపినప్పుడల్లా ఒక మాట విసురుతూనే ఉంది. మాస్టారి దగ్గర తనూ డ్రైవింగు నేర్చుకుందట. పద్దెనిమిది రోజుల్లో ఒక్కసారి విసుక్కోలేదట. "అప్పుడే అనుమానపడాల్సిందే నేను. నా డ్రైవింగు చూసి కూడా విసుక్కోని మనిషి ఆ విసుగంతా మూటకట్టి ఎక్కడికో మోసుకెళ్తున్నాడని," అంది. పిచ్చుక నవ్వింది. నవ్వితే తల వెనక కుట్టినట్టయింది.

బుధవారం పదిగంటలకి మాస్టారు వచ్చాడు. కుడిచెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది, ఎడమ చేతిలో పిచ్చుక బట్టల సంచి. గేటు దగ్గర కాపలావాడు సాదరంగా లోపలికి పంపాడు. అతనూ శిష్యుడే మరి. మురికిబట్టల తోపుడుబళ్ళు వరసగా నిలబెట్టిన సన్నటి నడవలోకి పిచ్చుక ఖాళీ బండి తోసుకుని వచ్చేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు. వెనక్కి తిరగబోయింది. బండి అడ్డం.

సంచి కింద పెట్టి, ఆమె ఎడమ చెయ్యి అందుకున్నాడు. దూరంనుంచి చూసేవాళ్ళకి మొగుడూ పెళ్ళాలు చేతులు పట్టుకుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. చిటికెన వేలు విడిగా తీసుకుని వెనక్కి వంచడం మొదలుపెట్టాడు.

"సంతకం పెట్టెయ్. ఏడాదెంతలో గడుస్తుంది. పిల్ల రోజూ అడుగుతోంది."

వేలు ఇంకా వంగింది. పిచ్చుక మోకాళ్ళు వాటంతటవే దిగాయి.

"అరుద్దామనుకుంటున్నావా? వంద గజాల్లోకి రాకూడనిది నువ్వు. నేను కాదు. ఎవరైనా వస్తే నువ్వే నా దగ్గరికి వచ్చావంటాను. మెల్లగా ఊపిరి తీసుకో. మెల్లగా."

లోపల రోలర్లు గడగడలాడుతున్నాయి. వేలి కణుపు దగ్గర చిన్న చప్పుడైంది. ఆమెకి వినిపించింది, ఆయనకీ వినిపించింది. అప్పుడు వదిలేశాడు. సంచి ఆమె బండిలో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ లోపలికి తొంగిచూసి, కారు బాగా నడుస్తోందా అండీ, అని పొడుగక్కని పలకరించి మరీ వెళ్ళాడు.

పిచ్చుక వచ్చి తన కొస పట్టుకుంది. మొదటి దుప్పటి మూల జారింది. రెండోదీ జారింది. పొడుగక్క మూడో దుప్పటి కింద పడేసి నడిచి వచ్చి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూసింది. ఈసారి జోకు వెయ్యలేదు. ఏదో ఒక బండి వెనక నేను ఉండి ఉంటే బావుండేదే, అంది.

గురువారం భోజనం వేళకి ముందే పిచ్చుక ప్లీడరమ్మ గదికి వెళ్ళింది. టైపు మిషన్ల దుకాణం పైన ఒంటిగది, మెట్లనిండా ఎవరెవరి చెప్పులో. కూర్చోకుండానే, ఆ కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను, అంది. పిల్ల ఆ ఇంట్లో ఉందని అంది. ప్లీడరమ్మ ఆమె చెయ్యి చూసింది. చిటికెన వేలు వంకాయలా ఉబ్బి నల్లబడింది. ఎవరైనా చూశారా అని అడిగి, లేదనిపించుకుని, సొరుగులోంచి రెండు ఐస్‌పుల్లలు తీసి వేలికి అటూ ఇటూ పెట్టి గుడ్డతో కట్టింది. ఆ పుల్లలు అక్కడెందుకున్నాయంటే, ఆవిడకి మధ్యాహ్నం ఐస్‌క్రీం తినే అలవాటట, డాక్టరు వద్దన్నాడట.

కాగితం బల్ల మీద పెట్టింది. పక్కన కలం పెట్టింది. పెట్టి, సంతకానికి ముందు నాకోసం ఒక పని చెయ్యమంది.

చెప్పులు విప్పి, నల్లకోటుతోనే నేల మీద చతికిలబడింది ఆ పెద్దమనిషి. బీరువాకి వీపు ఆనించింది. చేతిలో మూసిన గొడుగు పట్టుకుంది.

"ఇప్పుడు నేను నువ్వు. నువ్వు ఆయనవి. ఆదివారం ఎలా పట్టుకున్నాడో అలా పట్టుకో."

పిచ్చుక వెనక్కి జరిగింది. తన వల్ల కాదంది. జుట్టు నెరిసిన మనిషి మీద చెయ్యి ఎలా వేస్తానంది. కాగితం మీద సంతకం కన్నా ఇది తేలికే, పట్టుకో, అంది ప్లీడరమ్మ.

పిచ్చుక వంగి ఆమె జుట్టు ముట్టుకుంది. ముట్టుకున్నాక ఆ చెయ్యి తన మాట వినలేదు. జుట్టు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది, మెడ వెనక్కి విరిచింది, మోకాలు ఎదుటి మనిషి తొడ మీద మోపింది. ప్లీడరమ్మ కళ్ళజోడు తాడు తెగి బల్ల కింద పడింది. ఎలా పడితే అలా కాదు, సరిగ్గా ఎంత లాగితే ఎదుటి మనిషి అరవలేదో అంతే లాగింది పిచ్చుక. ఇదంతా తన చేతికి ఇంత బాగా వచ్చునని ఆమెకి అప్పుడే తెలిసింది. గభాలున వదిలేసి గోడ దాకా వెళ్ళి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ప్లీడరమ్మ నేల మీదనుంచి లేవలేదు. ఊపిరి కూడదీసుకుని, గొడుగుని కింది నుంచి పైకి మెల్లగా ఎత్తి చూపించింది.

"ఇక్కడినుంచి నీ మొహం కనబడలేదమ్మా. చెయ్యి పోగలిగేది ఒక్క చోటికే. ఆ ఎముక దగ్గరికే. వెనకనుంచి వచ్చి పైనుంచి కొట్టిందని కదా వాళ్ళు రాసుకున్నారు? నువ్వు ఆయన ఛాతీ దాకా కూడా రావు. ఎముక విరిగి పైకి లేచిందని వాళ్ళ డాక్టరే రాశాడు." చెయ్యి చాపింది. "లేపు. మోకాళ్ళు పట్టేశాయి."

పిచ్చుక లేపింది. కళ్ళజోడు వెతికి ఇచ్చింది. కాగితం వైపు చూసి, రేపటిదాకా ఆగుతాను, అంది.

శుక్రవారం ముందుగా అత్తని పిలిచారు. ఉతికిన చీర కట్టుకుని, పొడుగు చేతుల రవిక వేసుకుని, బోను కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆదివారం చెప్పిందే అప్పజెప్పినట్టు చెప్పింది. కొడుకు కాఫీ తాగుతున్నాడు, కోడలు వెనకనుంచి వచ్చింది. ప్లీడరమ్మ ఏ చేత్తో కప్పు పట్టుకున్నాడని అడిగితే గుర్తులేదంది. సరే కూర్చోమన్నారు. వెనక వరసలో బెంచీ చివర కూర్చుంది. పిచ్చుక వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మాస్టారు బోనెక్కేసరికి గదిలో అందరి మొహాలూ మెత్తబడ్డాయి. జడ్జిగారికి నమస్కారం రెండు చేతులా పెట్టలేనందుకు ముందే క్షమాపణ అడిగాడు. భార్య మీద తనకి కోపం లేదనీ, మనిషి మంచిదేననీ, ఎవరికైనా ఒక్కోసారి అలా జరుగుతుందనీ, ఆ కాగితం మీద సంతకం పెడితే ఇంటికి తీసుకుపోతాననీ చెప్పాడు. ప్రాసిక్యూటరు కుర్రవాడు మెచ్చుకోలుగా తలూపాడు.

ప్లీడరమ్మ లేచింది. ఎత్తులూ లోతులూ అడిగింది. ఎక్కడ నిలబడ్డారు, ఆమె ఎంత దూరంలో ఉంది, పెనం ఎంత పైకి లేచింది? ఆయన ఓపిగ్గా జవాబు చెప్పాడు. పాఠం సరిగ్గా అర్థం కాలేదేమో అన్నట్టు మళ్ళీ చెప్పాడు. మీరు బోధించే మనిషి కదా, నాకు నోటిమాట బుర్రకెక్కడం లేదు, కాస్త చేసి చూపిస్తారా, అంది ప్లీడరమ్మ. బెంచి క్లర్కు బల్ల మీది పొడుగాటి కర్ర స్కేలు అందించింది.

మాస్టారు బోను దిగి, స్కేలు ఎడమచేతిలోకి తీసుకుని, గది మధ్యకి వచ్చాడు. "చూడండి, ఇదుగో ఇలా," అని చెయ్యి పైకెత్తాడు.

వెనక బెంచీ చప్పుడైంది.

అత్త బెంచీ మీద లేదు. రెండు బెంచీల సందులో కింద ఉంది. గడ్డం ఛాతీకి ఆనించి, మోచేతులు డొక్కలకి అదిమి, రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, ఎడమ చెయ్యి కింద కుడి చెయ్యి పైన, ముడుచుకుపోయి ఉంది. ముద్దాయి నిలబడే చోట పిచ్చుక కూడా అచ్చం అలాగే ఉంది. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన. ఎప్పుడు వంగిందో ఆమెకే తెలియదు.

స్కేలు ఇంకా గాలిలోనే ఉంది. మాస్టారే ముందు తేరుకున్నాడు.

"అమ్మా, లే. మెల్లగా. మెల్లగా లే," అన్నాడు.

ఆ గొంతు విని అత్త ఇంకాస్త ముడుచుకుంది.

జడ్జిగారు అప్పటిదాకా కాగితాల్లోనే తల పెట్టుకుని ఉన్న మనిషి. ఇప్పుడు కలం మూసి పక్కన పెట్టి, స్కేలు బల్ల మీద పెట్టమన్నాడు. ఆ పెద్దావిడని లేపి మళ్ళీ బోనులో నిలబెట్టమన్నాడు. నీళ్ళిమ్మన్నాడు. ఆవిడ నీళ్ళు తాగేదాకా ఆగి, తనే అడిగాడు.

"తల ఎందుకు దాచుకున్నారమ్మా?"

"అలవాటండీ."

"ఎవరి వల్ల అయిన అలవాటు?"

అత్త గ్లాసు రెండు చేతులా పట్టుకుని అందులోకే చూస్తూ నిలబడింది. ప్రాసిక్యూటరు ఏదో అనబోతే జడ్జిగారు చెయ్యి ఎత్తి ఆపబోయి, ఎత్తిన చెయ్యి చూసుకుని మళ్ళీ దించేశాడు. చాలాసేపటికి ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, రవిక చెయ్యి మోచేతి పైదాకా మడుచుకుంది. కమిలిన మచ్చలు, పసుపుపచ్చనివి, ఊదారంగువి, నల్లవి. పాతవాటి మీద కొత్తవి.

నాలుగేళ్ళనుంచి అని చెప్పింది. కోడలు డ్యూటీకి పోయినప్పుడు కొట్టేవాడని చెప్పింది. కోడలికి తెలియదంది. ఆదివారం కాఫీ లేదూ ఏమీ లేదు, జుట్టు పట్టుకుని తలుపుకేసి కొడుతుంటే తను గుమ్మంలో నిలబడి చూసిందట. రెండు మూడు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఎవరితోనైనా అనలేదా?"

"అనలేదండీ. ఆ అమ్మాయిని కొట్టినప్పుడు వంటింటి కిటికీ మూసేదాన్ని. ఎవరికీ వినబడకుండా." ఆగింది. "ఆ అమ్మాయిని కొట్టిన రోజు నన్ను కొట్టేవాడు కాదండీ."

కిటికీ రెక్క చప్పుడు పిచ్చుకకి తెలుసు. అత్త పరువు కోసం మూస్తోందని అనుకునేది ఇన్నాళ్ళూ.

"ఈ ఆదివారం నుంచి ఆమె ఇంట్లో లేదు కదా?" అన్నాడు జడ్జిగారు.

"రోజూనండీ. ఒంటిచేత్తోనే."

"పాప?"

"పిల్లని ముట్టుకోలేదు," అని, ఒక్క క్షణం ఆగి, "ఇంకా," అంది అత్త.

మాస్టారు ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఎంతమందిని ఒప్పించిన నోరో అది. జడ్జిగారు ఆయన వైపు చూడలేదు. ప్రాసిక్యూటరు లేచి, ముద్దాయి మీద అభియోగం వెనక్కి తీసుకుంటున్నామని గొణిగాడు. వంద గజాల ఉత్తర్వు అదే కాగితం మీద పేర్లు తారుమారు చేసి రాశారు. తీసుకుపొమ్మన్నప్పుడు మాస్టారిని పట్టుకోవలసింది ఆదివారం వచ్చిన ఆ కానిస్టేబులే. కట్టుకట్టిన చేతిని ఎక్కడ పట్టుకోవాలో తెలియక అతను కాసేపు తడబడ్డాడు. చివరికి నడుం దగ్గర బెల్టు పట్టుకుని నడిపించాడు. గుమ్మం దాటుతూ మాస్టారు వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఆవిడ తల దించుకోలేదు. చేతులు మాత్రం మళ్ళీ పైకి లేవబోయి గుండెల దగ్గర ఆగాయి.

వరండాలోకి వచ్చాక ప్లీడరమ్మ ఒక బల్ల మీద కూలబడి చెప్పులు విప్పుకుంది. అత్త పేరు మీద ఫిర్యాదు ఇవాళే రాయించాలనీ, డాక్టరుకి చూపించాలనీ, మహిళల వసతిగృహంలో గది దొరుకుతుందనీ ఏకరువు పెట్టింది. స్కేలు సంగతి అడిగితే, పెనం పైనుంచి రాలేదని చూపించడానికే ఇచ్చాను, ఆవిడ సంగతి నాకేం తెలుసమ్మా, అంది.

అత్త స్తంభం పక్కన నిలబడి ఉంది. పిచ్చుక వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తు. పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో తిరిగినా ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు.

"మీ కేసులో సాక్ష్యానికి వస్తాను అత్తయ్యా. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తాను. ఒకే కప్పు కింద మాత్రం ఉండలేను."

"అడగనులే అమ్మాయ్," అంది అత్త. కొంగుతో మూతి తుడుచుకుని, వెళ్ళబోతున్న ఆమెని మళ్ళీ పిలిచింది. "నిన్న పిల్లకి పన్ను ఊడింది. నీకు చూపించాలని పెన్సిలు డబ్బాలో దాచుకుంది."

పిచ్చుక ఆగిపోయింది. "ఎలా ఊడింది?"

"దానంతటదే. నాలుగు రోజులనుంచి కదులుతోంది."

పిచ్చుక ఆ మొహంలోకి చూసింది. ఆ నోరు ఆదివారమూ ఇంతే నిబ్బరంగా మాట్లాడింది, ఇవాళ పొద్దున బోనులోనూ ఇంతే నిబ్బరంగా మాట్లాడింది. అత్త కళ్ళు తిప్పుకోలేదు. పిచ్చుక ఇంకేమీ అడగకుండా మెట్లు దిగింది. బడి నాలుగు వీధుల అవతల. మొదటి వీధి నడిచింది. రెండో వీధిలో పరుగు అందుకుంది.

అప్పుడే బడి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వస్తున్నారు. కూతురు గేటు దగ్గర ఆమెని చూసి ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, తరవాత సంచి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి నడుముకి చుట్టుకుంది. పిచ్చుక అక్కడే, అందరూ నడుస్తున్న చోటే, మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు చూసింది, మెడ చూసింది, చెవుల వెనక చూసింది. నోరు తెరవమంది.

పిల్ల గర్వంగా ఆ అని నోరు బార్లా తెరిచింది. కింది వరసలో ముందుపన్ను ఖాళీ. చిగురు గులాబీరంగులో శుభ్రంగా ఉంది. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. పిచ్చుక కట్టు లేని చేతి వేలితో తడిమి చూసింది. అడుగున కొత్తపన్ను మొన గరుగ్గా తగిలింది.

"నాలికతో తోసి తోసి నేనే ఊడగొట్టా," అంది పిల్ల, నోట్లో వేలు ఉండగానే.

అత్త చెప్పింది నిజమే. రేపు వసతిగృహానికి వెళ్ళి మీరు చెప్పింది నిజమేనన్న ఆ ఒక్క మాటా ఆవిడతో చెప్పి రావాలనుకుంటూ, పిచ్చుక కూతురి సంచి భుజాన వేసుకుంది.